సమితి బడుల్లో సంవత్సరాంతం – పంతుళ్ళ వీడ్కోళ్ళు

మన సంఘం పత్రికలో కరువు భత్యం లెక్కలు, పే రివిజన్ సంగతులు, మెడికల్ బిల్లుల తిప్పలు తరచుగా వస్తూనే ఉంటాయి. ప్రత్యేక సంచిక కదా, ఈసారి కాస్త పాత సంగతి రాయమని కార్యదర్శి గారు అడిగారు. నేను చరిత్రకారుణ్ణి కాను. ప్రకాశం జిల్లాలో ఒక చిన్న పంచాయతీ సమితి ఆఫీసులో 1974లో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరి, పదకొండేళ్ళకు పైగా ఎలిమెంటరీ స్కూళ్ళ పంతుళ్ళ జీతాల బిల్లులు, సర్వీసు రిజిస్టర్లు చూసినవాణ్ణి. ఆ సీట్లో కూర్చుని చూసినవీ, పెద్దవాళ్ళ దగ్గర విన్నవీ, తర్వాత చదివి తెలుసుకున్నవీ కలిపి రాస్తున్నాను. మన సభ్యుల్లో సగానికి సగం మంది ఉపాధ్యాయులే కనుక, నేను వదిలేసినవి వారు పూరించగలరు.

ప్రభుత్వోద్యోగికి సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఊరివాళ్ళకు ఉగాదితో. బడికి మాత్రం ఏప్రిల్ నాలుగో వారంలో, పరీక్షలయ్యి, పాసైన పిల్లల జాబితా గోడకు అంటించిన రోజున. తర్వాతి కాలంలో ఏప్రిల్ 23 చివరి పనిదినంగా, జూన్ 12 బడి తెరిచే రోజుగా స్థిరపడ్డాయి. పంతులు ఈ మూడు సంవత్సరాల మధ్య నలిగేవాడు. వీటికి తోడు నాలుగోది ఒకటుంది, అది ఆయన పుట్టినతేదీ. సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో రాసిన ఆ తేదీయే ఆయన ఎప్పుడు ఇంటికి వెళ్ళాలో చెబుతుంది. దానికి పిల్లల పరీక్షలతో సంబంధం లేదు.

పంతులుకు ఏడాదికి ఒకసారి ఏదో ఒకటి ముట్టజెప్పడం మనకు సర్కారు నేర్పిన ఆచారం కాదు. బోర్డు స్కూళ్ళు రాకముందు వీధిబడి పంతులును పోషించింది ఊరే. 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన జిల్లాలో 533 బడులున్నాయని మద్రాసుకు రాసి పంపాడు. ఒక్కో పిల్లవాడు నెలకు పావు రూపాయి నుంచి అర రూపాయి దాకా పంతులుకు ఇచ్చేవాడట. అప్పటి బళ్ళారి జిల్లాలో అనంతపురం కూడా కలిసే ఉండేది, కనుక అది మన తెలుగు పంతుళ్ళ లెక్క కూడా. ఈ నెలజీతానికి పైన దసరా మామూలు ఉండేది. పిల్లలకు కొత్తబట్టలు తొడిగి, చేతికి రంగు కాగితాల విల్లంబులిచ్చి, పంతులు వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగేవాడు. పిల్లలు పద్యాలు పాడితే వాళ్ళకు పప్పుబెల్లాలు, అయ్యవారికి వరహాయో రూపాయో, గతిలేని ఇంట్లో అయితే సోలెడు బియ్యమో. మా తండ్రిగారి తరం దాకా ఆ ఆచారం చూసినవాళ్ళున్నారు. దాన్ని కొందరు భిక్షాటన అనేవారు. నేను అలా అనుకోను. ఏడాదికి ఒకసారి ఊళ్ళో ప్రతి గడపా పంతులును గుర్తుచేసుకునే ఏర్పాటది.

తర్వాత తాలూకా బోర్డులొచ్చాయి, 1934లో అవి పోయి జిల్లా బోర్డులే మిగిలాయి. 1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో ప్రధాని నెహ్రూ గారు మన రాష్ట్రంలో పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. ఆ వ్యవస్థలో ఎలిమెంటరీ స్కూళ్ళు సమితులకు, హైస్కూళ్ళు జిల్లా పరిషత్తులకు వెళ్ళాయి. దానితో పల్లెటూరి పంతులు సమితి ఉద్యోగి అయ్యాడు. జీతం కోసం ఒకటో తారీకు తర్వాత మా ఆఫీసు వరండాలో అరుగుమీద కూర్చునేవారు. రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం పెట్టి, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, ఒకసారి పక్కవారిచేత కూడా లెక్కపెట్టించేవారు. దసరా మామూలు పోయింది, నెలజీతం వచ్చింది. అది మంచి మార్పే, ఎవరూ కాదనలేరు. కానీ ఊరు పంతులును తలచుకునే రోజు ఒకటి తగ్గింది. ఆ లోటును తీర్చిందే, నేను చూసినంతలో, ఏప్రిల్‌లో జరిగే బడి వార్షికోత్సవం.

వార్షికోత్సవానికి సమితి ఒక్క పైసా ఇచ్చేది కాదు. బడ్జెట్లో దానికి పద్దు లేదు. ఊరివాళ్ళే చందా వేసుకునేవారు. చందాల నోటుపుస్తకం ఒకటి పెట్టి, సర్పంచి పేరు మొదట రాసి, అంకె మాత్రం ఖాళీగా ఉంచేవారు. మిగతావాళ్ళు ఎంతెంత వేశారో చూసుకున్నాక ఆయన తన అంకె వేసేవాడు. బడి ముందు తాటాకు పందిరి, పెట్రోమాక్సు లైట్లు, టౌన్లో అద్దెకు తెచ్చిన మైకుసెట్టు. పిల్లల ఏకపాత్రాభినయాలు, కోలాటం, ఒక నాటిక. దుర్యోధనుడి వేషానికి మీసాలు కాటుకతో దిద్దింది ఐదో తరగతి చెప్పే పంతులమ్మ గారే. సమితి ప్రెసిడెంటు గారు, బి.డి.ఓ. గారు, డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు వేదిక మీద. మాలాంటి గుమస్తాలకు వేదిక కింద మొదటి వరసలో మడతకుర్చీలు. అది తక్కువ గౌరవమేమీ కాదు, ఎందుకంటే నాటిక కింద నుంచే బాగా కనిపిస్తుంది.

ఆ ఏడు రిటైరయ్యే పంతులుంటే ఆ సభే వీడ్కోలు సభ. ఇక్కడ మన పాత సర్వీసు రిజిస్టర్ల సంగతి ఒకటి చెప్పాలి. ఆ తరం వాళ్ళలో చాలామందికి పుట్టినతేదీ జులై 1. బడిలో వేసేటప్పుడు తండ్రికి తిథీ నక్షత్రం గుర్తుంటాయి గాని ఇంగ్లీషు తేదీ తెలియదు. పంతులు పిల్లవాడి చెయ్యి తలమీదుగా చెవికి అందుతోందా అని చూసి, ఐదేళ్ళు వెనక్కి లెక్కగట్టి జులై 1 అని రాసేవాడు. ఒకటో తారీకున పుట్టినవాడు అంతకుముందు నెల ఆఖరి రోజునే రిటైరవ్వాలని రూలు. అందుచేత మా సమితిలో రిటైర్‌మెంట్లన్నీ జూన్ 30న గుంపుగా పడేవి. జూన్‌లో ఏముంటుంది? బడులు తెరిచి రెండు వారాలైనా కావు, రైతులు దుక్కుల్లో ఉంటారు, పిల్లలింకా సరిగ్గా రారు. అందుకని ఊళ్ళు తెలివిగా రెండు నెలలు ముందుగా, ఏప్రిల్‌లోనే వీడ్కోలు చెప్పేసేవి. కాగితం మీద ఆయన జూన్ ఆఖరు దాకా ఉద్యోగే, ఊరి లెక్కలో మాత్రం పరీక్షలు ముగించి, ఐదో తరగతి పిల్లలను పక్క ఊరి హైస్కూలుకు సాగనంపి, పని పూర్తిచేసి వెళ్ళినవాడు.

సన్మానం ఇలా ఉండేది. పూలదండ, శాలువా లేదా పంచెలచాపు. ఇల్లాలికి చీర, పసుపు కుంకుమ. కాస్త కలిగిన ఊరైతే వెండిగ్లాసు, చేతి గడియారం. ఎక్కువగా మాత్రం గొడుగు, చేతికర్ర, భగవద్గీత. యాభై ఎనిమిదేళ్ళ ఆరోగ్యవంతుడికి చేతికర్ర ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అన్నిటికంటే ముఖ్యమైనది సన్మానపత్రం. టౌను ప్రెస్సులో గులాబీరంగు కాగితం మీద అచ్చువేయించి, అద్దాల ఫ్రేము కట్టించి, వేదిక మీద ఒకరు గొంతెత్తి చదివేవారు. హైస్కూలు తెలుగు పండితుణ్ణి పట్టుకుంటే నాలుగు సీసపద్యాలు కూడా దొరికేవి. ఒకే పండితుడు అన్ని ఊళ్ళకూ రాసేవాడు కనుక పద్యాలు ఇంచుమించు అవే, పేరూ ఊరూ గణాలకు సరిపోయేలా మారేవి. అయినా ఎవరూ నవ్వలేదు. తన పేరు పద్యంలో పడటం ఆ పంతులుకు జీవితంలో అదే మొదటిసారి, చాలామందికి అదే ఆఖరుసారి.

ప్రభుత్వం వైపు నుంచి గుర్తింపు లేకపోలేదు. ఉత్తమ ఉపాధ్యాయులకు జాతీయ అవార్డులు 1958లో మొదలయ్యాయి. రాధాకృష్ణన్ గారు రాష్ట్రపతి అయిన 1962 నుంచి సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవమైంది. ఆయన 1931 నుంచి 1936 దాకా మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా ఉన్నవారు, కనుక మనవాళ్ళకు అదొక అభిమానం. కానీ సమితి ఆఫీసులో మాకు ఆ రోజంటే ఉపాధ్యాయ సంక్షేమ నిధి జెండాలు అమ్మిపెట్టి డబ్బు జమకట్టే పని. ఆ జెండాలు కొనేది ఎక్కువగా పంతుళ్ళే! అవార్డుకు దరఖాస్తు, దానికి జతపరచే కాగితాలు, పై అధికారుల సిఫార్సు కావాలి. ఏకోపాధ్యాయ పాఠశాలలో నలభై మంది పిల్లలను ఒక్కచేత్తో నెట్టుకొచ్చే మనిషికి ఆ కాగితాలు సమకూర్చుకునే తీరిక ఎక్కడిది? ఊరివాళ్ళ గులాబీరంగు కాగితానికి దరఖాస్తు అక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1983 సంవత్సరాంతం సంగతి. మన సంఘంలో పెద్దవాళ్ళకు ఆ తేదీలు కంఠస్థం, వారి పిల్లలకు తెలియకపోవచ్చు.

మన రాష్ట్రంలో పదవీ విరమణ వయసు 1979లో 55 నుంచి 58కి పెరిగింది. 1983 జనవరి 9న నందమూరి తారక రామారావు గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఫిబ్రవరి 8న ఉత్తర్వులు, ఆర్డినెన్సు వెలువడ్డాయి. విరమణ వయసు మళ్ళీ 55 అయింది. అప్పటికే 55 దాటినవారంతా ఫిబ్రవరి 28 సాయంత్రం ఇంటికి వెళ్ళాలి. చదువుకుని ఖాళీగా ఉన్న యువకులకు ఉద్యోగాలివ్వాలన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. ఆ కారణాన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేను. నా తమ్ముడు బి.ఇడి. ప్యాసై నాలుగేళ్ళుగా అప్లికేషన్లు పెడుతూ ఇంట్లో ఉన్నాడు. కానీ ఇరవై రోజుల వ్యవధి! రాష్ట్రం మొత్తం మీద 18 వేలకు పైగా ప్రభుత్వోద్యోగులు, పబ్లిక్ రంగ సంస్థల్లో మరో 10 వేల మంది ఆ ఉత్తర్వుతో దిగిపోయారని తర్వాత సుప్రీంకోర్టు తీర్పులో నమోదైంది.

మా సమితిలో పంతుళ్ళు పది పన్నెండు మంది ఉన్నారు. పెన్షన్ కాగితాలంటే మామూలుగా నెలల తరబడి ముందు నుంచి తయారు కావాలి. సర్వీసు వెరిఫికేషన్, సెలవుల ఖాతా, బాకీ లేదని సర్టిఫికెట్టు, భార్యాభర్తలు కలిసి దిగిన ఫోటో, వేలిముద్రలు. ఇరవై రోజుల్లో ఇవన్నీ ఎవరివల్ల అవుతాయి? రాత్రి పదింటి దాకా ఆఫీసులో లాంతరు పెట్టుకుని రాశాం. కరెంటు ఆ రోజుల్లో మాట వినేది కాదు. ఒక పంతులు గారు భార్యను వెంటబెట్టుకుని ఫోటోకోసం ఎద్దుబండిలో టౌనుకు వచ్చి, అటునుంచి అటే మా ఆఫీసుకొచ్చారు. ఆవిడ వరండాలో కూర్చుని, "నాయనా, మా పెద్దదాని పెళ్ళి వైశాఖంలో పెట్టుకున్నాం, జీతం చూపించి అప్పు తెచ్చుకున్నాం" అని నాతో అన్నది. నేనేమి చెప్పగలను? కాగితాలు త్వరగా పంపిస్తానమ్మా అన్నాను. పంపించాను కూడా. పై ఆఫీసు ఒకటి వాటిని రెండుసార్లు కొర్రీ వేసి వెనక్కి పంపింది. పెన్షన్ వచ్చేసరికి పెళ్ళీ అయిపోయింది, అప్పుకు వడ్డీ కూడా పెరిగింది.

ఫిబ్రవరి 28 సోమవారం. ఏడో తరగతి కామన్ పరీక్షకు, చిన్న తరగతుల వార్షిక పరీక్షలకు ఇంకా నెలాపదిహేను రోజులుంది. సాయంత్రం బడి వదిలాక చార్జి అప్పగించాలి. అటెండెన్సు రిజిస్టరు, అడ్మిషన్ రిజిస్టరు, స్టాకు పుస్తకం, బడి తాళంచెవి. ఏకోపాధ్యాయ పాఠశాలల్లో అప్పగించుకునేవాళ్ళు లేరు. పక్క ఊరి పంతులు వచ్చి తీసుకున్నాడు, లేదా బడి తాళంచెవి సర్పంచి ఇంటికి వెళ్ళింది. సభ లేదు, దండ లేదు. ఊళ్ళకు విషయం అర్థమయ్యేలోపు అంతా అయిపోయింది. వీడ్కోలంటే ఏప్రిల్ అన్న అలవాటు వాళ్ళది.

ఆ వారంలోనే ఒక ఊరి హెడ్మాస్టరు గారు మా ఆఫీసుకు వచ్చి ఒక చిక్కు చెప్పారు. రిటైరైన పంతులు మర్నాడు ఉదయం యథాప్రకారం బడికి వచ్చి ఐదో తరగతిలో కూర్చున్నాడట. పరీక్షలయ్యేదాకా వస్తానంటున్నాడు. రానివ్వవచ్చునా? మా సూపర్నెంటు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని కాసేపు ఆలోచించారు. "రిజిస్టర్లో సంతకం పెట్టనివ్వకండి. జీతం అడగనని ఆయన చెబుతున్నాడు కదా. పిల్లలకు లెక్కలు చెప్పకూడదని ఏ జీ.ఓ.లోనూ రాయలేదు" అన్నారు. అలా ఆ పంతులు గారు ఏప్రిల్ దాకా వచ్చారు. ఆ ఒక్క ఊళ్ళోనే కాదు, మా సమితిలో ఇంకో రెండు మూడు చోట్ల కూడా ఇదే జరిగిందని తర్వాత తెలిసింది. వాళ్ళ పేర్లు ఏ రికార్డులోనూ లేవు, ఆ నెలల అటెండెన్సులో వాళ్ళ గళ్ళు ఖాళీ. ఆ ఏడు ఐదో తరగతి పాసైన పిల్లల జాబితా మాత్రం ఉంది.

ఏప్రిల్‌లో ఆ ఊళ్ళో వార్షికోత్సవం జరిగింది. ఆ ఏడు చందాలు ఎప్పటికంటే ఎక్కువ వసూలయ్యాయని విన్నాను. కూలినాలి చేసుకునేవాళ్ళు కూడా రూపాయి, రెండు రూపాయలు వేశారు. సన్మానపత్రంలో విరమణ తేదీ ఏమని వెయ్యాలని ప్రెస్సువాడు అడిగితే, పండితుడు గారు ఏప్రిల్ అనే వెయ్యమన్నారు. తేదీ తప్పని నాకు తెలుసు, నేనే దగ్గర కూర్చుని సర్వీసు రిజిస్టర్లో ఫిబ్రవరి 28 అని రాశాను. సభలో ఆ పత్రం చదువుతున్నప్పుడు మా సూపర్నెంటు గారు నా వంక చూసి ఊరుకున్నారు. ఆ పంతులు గారు మాట్లాడలేకపోయారు. మైకు పట్టుకుని, "ఒరే, ఎండాకాలం ఎక్కాలు మర్చిపోకండి" అని మాత్రం అని కూర్చున్నారు.

తర్వాతి కథ కోర్టుల్లో నడిచింది. 1984 ఆగస్టు 23న ఆర్డినెన్సుతో వయసు మళ్ళీ 58 అయింది. ఆ ఏడాదిన్నరలో దిగిపోయినవారి గతి ఏమిటన్నది తేలలేదు. 1985 జనవరిలో నాగరాజు కేసులో సుప్రీంకోర్టు వయసు తగ్గింపు చెల్లుతుందని చెప్పింది. మావాళ్ళు అంతటితో ఆశ వదులుకున్నారు. అదే సంవత్సరంలో బి. ప్రభాకరరావు కేసులో, మన తెలుగువారైన జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి గారు తీర్పు రాశారు. 1983 ఫిబ్రవరి 28కి, 1984 ఆగస్టు 23కి నడుమ దిగిపోయినవారికి 58 ఏళ్ళ ప్రయోజనం దక్కాలని, ఇంకా వయసు ఉన్నవారిని తిరిగి చేర్చుకోవాలని, 58 నిండిపోయినవారికి పరిహారం చెల్లించాలని దాని సారాంశం.

మా సమితిలో ఎక్కువమందికి అప్పటికే వయసు నిండిపోయింది, పరిహారంతో సరిపెట్టుకున్నారు. ఇద్దరు తిరిగి చేరారు. అందులో ఒకరికి మిగిలింది ఎనిమిది నెలల సర్వీసే. ఆయన సర్వీసు రిజిస్టర్లో పదవీ విరమణ అని రాసిన ఎంట్రీ కింద తిరిగి చేరిక అని నా చేత్తో రాశాను. మూడేళ్ళలో రెండుసార్లు వీడ్కోలు పొందిన మనిషి ఆయన. రెండో శాలువాను మా అటెండరుకు ఇచ్చేశారు. ఒకరు మాత్రం తీర్పు వచ్చేనాటికి లేరు. బకాయిలు ఆయన భార్య వేలిముద్ర వేసి తీసుకున్నారు. అరుగుమీద కూర్చుని నాతో కూతురి పెళ్ళి సంగతి చెప్పిన ఆవిడే.

ఖాళీ అయిన బడులకు వెంటనే కొత్తవాళ్ళు వచ్చారా అంటే, రాలేదు. ఎనభైల నడుమ నెలకు 398 రూపాయలకు స్పెషల్ టీచర్లను వేశారు. ఆ అంకే వారి పేరైపోయింది. మన సంఘంలో వారూ ఉన్నారు, ఆ సర్వీసు లెక్క కోసం వారు ఎన్నేళ్ళు తిరిగారో వారే రాస్తే బాగుంటుంది.

సన్మానాల గురించి రాస్తూ ఒకరిని వదిలెయ్యడం న్యాయం కాదు. బడికి నీళ్ళు మోసి, చిమ్మి, కేర్ వారి గోధుమరవ్వతో ఉప్మా వండి పిల్లలకు పెట్టిన ఆయమ్మలు. వాళ్ళు కంటింజెన్సీ మీద పనిచేశారు. సర్వీసు రిజిస్టరు లేదు, అందుచేత పుట్టినతేదీ లేదు, అందుచేత విరమణ తేదీ కూడా లేదు. చేతనైనన్నాళ్ళు చేసి ఒకరోజు రావడం మానేసేవాళ్ళు. నా ఎరుకలో ఒక్క ఊళ్ళో మాత్రం, పంతులమ్మ గారి పట్టుదల మీద, ఆయమ్మను వేదిక ఎక్కించి చీర పెట్టారు. ప్రెసిడెంటు గారు చీర చేతికిస్తుంటే ఆవిడ తీసుకోకుండా కొంగు పట్టింది. అలా పట్టి తీసుకోవడమే ఆవిడకు తెలుసు.

1985లో మండలాలొచ్చాయి, 1987 ఎన్నికలతో సమితుల కాలం ముగిసింది. నేను వేరే సీట్లోకి మారాను, 2009లో 58 నిండి రిటైరయ్యాను. ఆంధ్రలో విరమణ వయసు 2014లో 60, 2022లో 62 అయింది. తెలంగాణలో 2021లో 61. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవారికి మన పాత పెన్షన్ లేదు, వాటా కట్టే పథకం వచ్చింది. వారి పిల్లలు మా లెక్కలు చదివితే ఏ గ్రహం మీది సంగతో అనుకుంటారు.

మన సంఘం కార్యాలయంలో ఒక బీరువా ఖాళీ చేయించాం. సభ్యులు గాని, కుటుంబ పెన్షనర్లు గాని తమ ఇళ్ళలో సమితి కాలం నాటి సన్మానపత్రాలు, గ్రూపు ఫోటోలు ఉంటే తెచ్చి చూపించండి, నకలు తీయించి అసలు వెనక్కి ఇచ్చేస్తాం. ఫోటో వెనుక ఊరు, సంవత్సరం, కుర్చీల్లో ఎడమనుంచి కుడికి ఎవరెవరో పెన్సిలుతో రాయండి. వెనక నిలబడ్డవాళ్ళ పేర్లు కూడా.